రాయిస్ గాజుపెట్టెలో పిస్తోలు

రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ వేరుశనక్కాయలు ఒలవడం కాసేపు ఆపండి. వెనకనున్నవాళ్ళు మాటలు కట్టిపెట్టండి. వెర్లీన్ పగ తీర్చుకున్న సంగతి చెబుతాను.

తుపాకుల సంతలో, పాత తుపాకులమ్మే రాయిస్ బల్ల ముందు వెర్లీన్ నిలబడి ఉంది. వెంట మరిది ఒడెల్, ఉడికిన వేరుశనక్కాయల తపేలా మోసుకుంటూ. అది ఒకప్పుడు వెర్లీన్ పళ్ళపాకం వండుకునే తపేలా. వాగు పొంగి ఇల్లు మునిగిన ఏడు వెర్లీన్ మొగుడు క్లేటన్, ఒడెల్ ఇద్దరూ కొట్టంలో దాక్కుని అందులో ఏదో కాచి, అడుగంతా బొగ్గులా నల్లగా చేసిపెట్టారు. దొంగసారా అయ్యుంటుందని ఆవిడ అనుమానం. పదేళ్ళయినా ఆ తపేలా కంటపడితే చాలు, ఒడెల్‌ని తిట్టకుండా వదలదు.

ఇవాళ తిట్టలేదు. చూపంతా గాజుపెట్టె మీదే ఉంది.

అందులో ఉన్నది ఆవిడ మామగారి పిస్తోలు. మొదటి పెద్దయుద్ధంలో పటాలం వాళ్ళు ఇచ్చింది. దాని గుండు చప్పుడు వింటే చాలు, ఎదుటి పటాలం వాళ్ళు చేతులెత్తేసి, ఇంటికి పోవడానికి దారి ఖర్చులు అడిగేవారని మామగారు చెప్పేవాడు. పక్కనే రాయిస్ చీటీ పెట్టాడు: ‘పటాలం వేసిన అసలు నలుపు పూత. అయిదు వేల డాలర్లు.’

మొగుడు క్లేటన్ పోయిన కొత్తలో ఇదే పిస్తోలును ఇదే రాయిస్ మూడు వందలకు కొన్నాడు. ఆ రోజు చర్చి మెట్ల మీద, ఊరంతా వింటుండగా పెదవి విరిచాడు. తుప్పు గీకి, నీళ్ళలో మరిగించి, ఎవడో దీనికి కొత్త నలుపు ఎక్కించాడన్నాడు. పాతవి దాచుకునేవాళ్ళు ఇలాంటిది ముట్టరని, డబ్బాల మీద కాల్చుకోడానికి తప్ప పనికిరాదని అన్నాడు. చర్చి పెద్ద కదా అని వెర్లీన్ నమ్మింది. శవపేటిక ఖర్చుకు ఆ మూడు వందలే పుచ్చుకుంది.

"రాయిస్ బాబూ," అంది తేనె పూసిన గొంతుతో, "ఇవాళ క్లేటన్ పుట్టినరోజు. దీంతో ఒక్కసారి కాల్చుకుని ఇచ్చేస్తాను."

రాయిస్ పెట్టెకి చెయ్యి అడ్డం పెట్టాడు. పక్కనే నాక్స్‌విల్ పట్నం నుంచి వచ్చిన బేరగాడు పర్సు తీసి పట్టుకున్నాడు. చుట్టూ చర్చివాళ్ళు.

"ఇది కాల్చేది కాదమ్మా."

"అదేంటి బాబూ? కాల్చుకోడానికి తప్ప పనికిరాదన్నది నువ్వేగా."

పై పూత కొత్తదంటే బేరగాడు పోతాడు. అసలుదంటే చర్చి మెట్ల మీద చెప్పింది అబద్ధమని తేలి పరువు పోతుంది. రాయిస్‌కి ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి తాళం తీశాడు.

సంత వెనకున్న మైదానంలో వెర్లీన్ కాల్చింది. మొదటి గుండుకు చిక్కుడుగింజల డబ్బా ఎంత ఎత్తుకు లేచిందంటే, అది కిందికి దిగేసరికి చూసేవాళ్ళకు ఆకలేసింది. గుండు గుండుకీ రాయిస్ భుజాలు ఎగిరిపడ్డాయి. ఆవిడ పిస్తోలు ఖాళీ చేసి, సంచిలోంచి గిన్నెలు తోమే ఇనుపపీచు తీసింది.

"మసి పట్టింది బాబూ. ఇలాగే తిరిగిస్తే మర్యాద కాదు."

మాడిన పెనాన్ని తోమినట్టు తోమసాగింది. నలుపు పోయి తెల్లటి ఇనుము బయటపడుతోంది. నాలుగో రుద్దుకు రాయిస్ రెండు చేతులూ జోడించాడు.

"ఆపమ్మా, నీకు పుణ్యముంటుంది. అది పటాలం వేసిన అసలు నలుపే. నేనే నీకు అబద్ధం చెప్పాను."

"వెనక వరసకి వినపడలేదు బాబూ," అంది ఆవిడ, రుద్దడం ఆపకుండా.

రాయిస్ మళ్ళీ చెప్పాడు, ఈసారి గట్టిగా. బేరగాడు పర్సు జేబులో పెట్టుకున్నాడు. గుంపులో ఉన్న పాస్టరుగారు రాయిస్ కేసే చూస్తూ నిలబడ్డారు. ఆ చూపుకి రాయిస్ తన మూడు వందలు తాను వెనక్కి పుచ్చుకుని పిస్తోలు ఆవిడకే వదిలేశాడు. ఇక ఈ ఊళ్ళో ఎవరూ అతని దగ్గర ఈగలు తోలే కర్ర కూడా కొనరని అక్కడే తేలిపోయింది.

"ఇప్పుడిది నిజంగానే డబ్బాల మీద కాల్చుకోడానికి తప్ప పనికిరాదు," అంది వెర్లీన్. "నీ మాట నిజం చేశాను బాబూ."

బండి దాకా తలెత్తుకునే నడిచింది. బండి ఎక్కాక ఒళ్ళోని పిస్తోలు చూసుకుంది. బొల్లి మచ్చల్లా తెల్లటి ఇనుము. మామగారు యుద్ధమంతా మోసిన నలుపు, క్లేటన్ ప్రాణంలా చూసుకున్న నలుపు, తన చేత్తోనే తోమేసింది. అంతసేపూ రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి.

ఒడెల్ తొంగి చూశాడు. మిగిలిన వేరుశనక్కాయలు నోట్లో పోసుకుని, ఖాళీ తపేలా బోర్లించి డబడబా తట్టాడు.

"ఏడవకు వదినా, వాగు పొంగిన ఏడు అన్నయ్యా నేనూ చేసినట్టే మళ్ళీ ఈ తపేలాలోనే ఉడకేసి నల్లగా చేసిస్తాలే."