లంకెబిందెల బాపురావు

రండి, రండి. కాస్త దగ్గరికి జరగండి. వెనకాల గుసగుసలు ఆపండి. పకోడీ నోట్లో ఉన్నవాళ్ళు మింగేసి కూర్చోండి, ఆ కరకరల్లో నా కథ వినిపించదు.

కోవెంట్రీ శివార్లలో మనవాళ్ళు అద్దెకు తీసుకున్న కూరగాయల మళ్ళు ఉన్నాయి. ఈ ఇంగ్లండులో వాటిని అలాట్‌మెంట్లంటారు. ప్లాస్టిక్ గుడారాలు వేసి అందులో గోంగూర పెంచుతారు. ఆ గోంగూర ఎంత ఏపుగా పెరిగేదంటే, బర్మింగ్‌హామ్‌లో దిగే విమానాలు కాస్త పక్కకి తప్పుకుని పోయేవి.

నమ్మరా? మీ ఇష్టం. పైలట్లనడగండి.

2015లో ఆ నేల సొంతదారు పిడుగులాంటి కబురు చెప్పాడు. నేలంతా ఇళ్ళు కట్టేవాళ్ళకి అమ్మేస్తాడట. చలికాలం వచ్చేలోగా మళ్ళు ఖాళీ చెయ్యాలట.

మళ్ళవాళ్ళందరికీ పెద్దదిక్కు డాక్టర్ నరసింహం. ఆయన నీళ్ళ డబ్బా పక్కన పెట్టి కూలబడ్డాడు.

"ఇక ఈ నేలని కాపాడేది ఆ సన్యాసుల వెండొక్కటే" అన్నాడు పక్కమడి గ్రాహమ్.

అది ఆ ఊళ్ళో ముసలివాళ్ళు చెప్పుకునే కథ. పూర్వం రాజుగారి సైనికులు మఠం దోచుకోవడానికి వస్తుంటే, సన్యాసులు వెండి సామానంతా ఈ పొలంలో పాతేసి పారిపోయారట.

"దొరికితే?" అన్నాడు నరసింహం.

"పాత వెండి బయటపడిన చోట ఇటుక మీద ఇటుక పెట్టనివ్వరు. మళ్ళు మనకే ఉంటాయి."

ఆ మాట గేటు దగ్గర నిలబడ్డ బాపురావు చెవిన పడింది.

బాపురావు ఎవరి మనిషో ఎవరికీ తెలియదు. ఏదో గిడ్డంగిలో పని, ఎవరింట్లోనో ఒక గది. మడి లేదు. ఆదివారాలు వచ్చి గేటు పట్టుకుని చూస్తూ నిలబడేవాడు. మళ్ళవాళ్ళలో పెద్దావిడ రాజేశ్వరమ్మ గుప్పెడు గోంగూర కోసిస్తే కళ్ళకద్దుకునేవాడు.

"ఈ దేశంల పుంటికూర ఉంటదని కలల గూడ అనుకోలే అక్కా. ఇది తిన్ననాడే కడుపు నిండుతది."

ఆ రోజు మాత్రం కూర సంగతి అడగలేదు.

"ఆ వెండి ఏడ పాతిపెట్టిన్రంటరు సార్?"

"ఏమయ్యా, లంకెబిందెలు ఎత్తుకుపోదామనా?" అన్నాడు నరసింహం.

అందరూ పగలబడి నవ్వారు. అప్పట్నుంచి అతను లంకెబిందెల బాపురావు అయిపోయాడు.

తర్వాతి ఆదివారం కంచె పక్కన పార పట్టుకుని నరసింహానికి దొరికిపోయాడు.

"ఏం చేస్తున్నావిక్కడ?"

"ఏం లేదు సార్. ఉత్తగనే మట్టి చూస్తున్న."

"మట్టి చూసేవాడికి పారెందుకయ్యా? మా కొంపలు మునుగుతుంటే వెండంతా ఒక్కడివే మింగేద్దామనా?"

బాపురావు మట్టి దులుపుకుని రెండు చేతులూ చాపాడు.

"చూసుకోండ్రి సార్. ఖాళీ చేతులే."

"జేబులు కూడా చూపించు."

జేబులు తిరగేశాడు. బస్సు టికెట్టు రాలింది.

"మళ్ళీ ఈ గేటు లోపల కనిపించావంటే మర్యాదగా ఉండదు."

"పోనీ నరసింహం, పాపం" అంది రాజేశ్వరమ్మ.

"మీరూరుకోండి ఆంటీ. ఇలాంటివాళ్ళు నాకు తెలుసు."

బాపురావు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

కానీ నరసింహాన్ని అనుమానం పురుగులా తొలిచింది. సరిగ్గా అక్కడే ఎందుకు తవ్వాడు? గ్రాహమ్‌ని పిలిచి, లోహం కనిపెట్టే కర్ర ఆ చోట పెట్టించాడు.

కర్ర కెవ్వుమంది!

మట్టి పట్టి నల్లగా, గుప్పిట్లో పట్టేంత ఉంది వస్తువు.

"ఇలా ఇవ్వు నాయనా, చింతపండు పెట్టి తోమేస్తాను" అంది రాజేశ్వరమ్మ.

"ముట్టుకోవద్దు!" అని గ్రాహమ్ దాన్ని రుమాల్లో చుట్టేసి, ఎవరికీ చూపించకుండా మ్యూజియానికి ఫోన్ చేశాడు.

"ఇంకో జానెడు తవ్వుంటే ఆ దొంగకే దొరికేది!" అని నరసింహం ఎగిరి గంతేశాడు.

నిజంగానే అమ్మకం ఆగిపోయింది. మళ్ళు మిగిలాయి. ఆ యేడు గోంగూర విమానాలకే కాదు, మబ్బులకీ అడ్డం వచ్చింది.

ఏడాది తర్వాత మ్యూజియంలో ఆ వెండిని జనానికి చూపించారు. మనవాళ్ళంతా పట్టుచీరలు కట్టుకుని, కోట్లు వేసుకుని వెళ్ళారు.

"మఠంవారి పాత్ర. దీని మీద చుక్కలతో ఏదో ప్రార్థన ఉంది. ఇంకా చదవలేకపోయాం" అంది అక్కడి అధికారిణి.

రాజేశ్వరమ్మ అద్దానికి ముక్కు ఆనించి చూసింది. పక్కన చిన్న ముక్కున్న, ముద్దులొలికే గిన్నె.

"ఓరి నాయనో! ఇది పసిపిల్లలకి పాలుపట్టే ఉగ్గుగిన్నె కదయ్యా!"

"మెల్లగా ఆంటీ!"

"మన కంసాలి కొట్టిన చుక్కలు నాకు తెలీవా? పేరు, నరసింహం. తెలుగులో కొట్టించిన పేరు."

"ఏమని ఉంది?"

ఆవిడ వేలితో గాల్లో ఒక్కో అక్షరం దిద్దుతూ చదివింది.

"చిరంజీవి బాపురావు."

అమ్మ పాలుపట్టిన గిన్నెని, మడి కూడా లేని మనిషి, వీళ్ళ మళ్ళ కోసం పాతిపెట్టి పోయాడు.

"అతని నంబరుందా ఎవరిదగ్గరైనా?"

ఎవరిదగ్గరా లేదు. అడిగినవాళ్ళే లేరు.

"కళ్ళు తుడుచుకో, పట్టుబడతాం" అంది రాజేశ్వరమ్మ. "తలెత్తుకుని నిలబడు. కిరీటాల పక్కన కూర్చుంది మనవాడి ఉగ్గుగిన్నె."

నరసింహం అద్దానికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

వెనక వరసలో ఉన్న తెల్లావిడ ఆ దణ్ణం చూసి కరిగిపోయింది. గిన్నె ముక్కు వంక తేరిపార చూసి నిట్టూర్చింది.

"పాపం, ఆ సన్యాసులకి నోళ్ళెంత చిన్నవో!"