పైపుకి కట్టు

వెల్డింగ్ అన్న మాటే జనం మరిచిపోయిన కాలమది. తుప్పుపట్టిన ఇనుముకి జిగురులో తడిపిన కార్బన్ గుడ్డ చుట్టేస్తే చాలు, క్షణాల్లో రాయిలా బిగుసుకునేది. నిప్పుతో పనిలేదు గనక ఫ్యాక్టరీ ఆపక్కర్లేదు. ఆ సముద్రపొడ్డు ఫ్యాక్టరీలోనైతే మరుగుతున్న పైపులకే కట్లు కట్టిస్తూ ఏళ్లతరబడి లైను ఆపనే లేదు.

ఆ పొద్దున నూకరత్నం జిగురు కలుపుతుంటే, ఆమె మొగుడు పైడయ్య గుడ్డ చుడుతున్నాడు. చేతితొడుగు చిరిగింది. అతని అరచెయ్యి జిగురుగుడ్డతో పాటే పైపుకి అతుక్కుపోయి ఉడకసాగింది.

“లైను ఆపండి బాబూ! సెయ్యి కాలిపోతంది!” అని నూకరత్నం గోలపెట్టింది.

“ఆపకుండా ఆ గుడ్డ కోస్తే పైపు పేలుద్ది. ఆపితే నా ఉద్యోగం పోద్ది. మణికట్టు దగ్గర చెయ్యే కోసేద్దాం,” అన్నాడు సూపర్‌వైజరు, రంపం తెమ్మని సైగ చేస్తూ.

“నా సెయ్యి కన్నా తుప్పుగొట్టమే ముద్దొచ్చిందేటి నీకు?” అని పైడయ్య బాధతో అరిచాడు.

నూకరత్నం ఇక బతిమాలలేదు. సూపర్‌వైజరుని జుట్టు పట్టి ఈడ్చింది. అతని చేతిని జిగురు బకెట్లో ముంచి, మొగుడి చేతి పక్కనే పైపుకేసి అదిమింది. చర్మం చుయ్యిమంది.

“ఆపండ్రా! లైను ఆపండ్రా!” అని అతను గొంతు చించుకున్నాడు.

ఏళ్లుగా ఆగని ఫ్యాక్టరీ ఆ ఒక్క కేకకే ఆగిపోయింది.

“సూసినావా బాబూ, ఆగుతాది,” అంటూ నూకరత్నం గుడ్డ కోసే కత్తి అందుకుంది. ముందు మొగుడి చేతి దగ్గర మొదలెట్టింది.