కారుకు ముగ్గురు డ్రైవర్లు

కిరణ్‌కుమార్ శెట్టీ,

నా కొడుకు రామాంజి నీ నాపరాళ్ళ లారీ తోలుతూ నిద్రపోయి చచ్చాడని కోయిలకుంట్లంతా ఆరేండ్లుగా చెప్పుకుంటోంది. అంతకు ముందు రెండు రాత్రులు వాడికి కునుకే లేదని ఒక్కరూ చెప్పరు.

బయల్దేరే ముందు వాడు, "ఇంకొకణ్ణి తోడు పంపన్నా" అన్నాడు. "ఏమప్పా, నీకు జోల పాడేదానికా?" అని నవ్వావు.

నిన్న నిన్ను టీవీలో చూశాను. రాత్రీ పగలూ సాగే కార్ల పందెంలో, అన్నిటికన్నా వేగమైన కార్ల తరగతిలో నీ కారుందట. ఈ ఏడు నిబంధన మార్చి, కారుకు ముగ్గురు డ్రైవర్లు ఉండాల్సిందే అన్నారట.

"శానా మంచి రూలు. నిద్ర లేనోడు యాడ తోల్తాడు?" అన్నావు.

ఈ బేస్తవారం నీ లారీ ఎక్కబోయేది రామాంజి కొడుకు. వాడికి తోడెవరో బుధవారం పొద్దు మునిగేలోగా చెప్పు.