తొంభై దాకా

"ఆగకమ్మా, ఇంకా మూడు చుట్లున్నాయి," అంది మా అమ్మాయి డార్లా, నా చేతికి తను కట్టిన గడియారంలో గుండె వేగం చూస్తూ.

మా డేటన్ ఊళ్ళో చలికాలం పొద్దున్నే మాల్ తలుపులు తీస్తారు, మాలాంటి ముసలివాళ్ళు లోపల నడవడానికి. దుకాణాలింకా తెరవలేదు గానీ దాల్చినచెక్క రొట్టెల వాసన కమ్మగా వస్తోంది.

"ఇవాళ నా పుట్టినరోజే. డెబ్బై ఒకటి నిండాయి. ఒక్క ముక్క తిననివ్వవే."

"షుగరొస్తే కాళ్ళు తీసేస్తారు. నడు."

పిల్లల కోసం భయపడేది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. నా కోసం నా కూతురూ భయపడుతోందని లోలోపల మురిసిపోయాను.

పక్కన నడుస్తున్న నా స్నేహితురాలు వెర్నా నిట్టూర్చింది. "అదృష్టవంతురాలివి. మావాడు ఫోనైనా చెయ్యడు."

"అదృష్టం నాదండీ," డార్లా నవ్వింది. "ఈవిడ మంచానపడితే మా కర్ట్‌ని చక్రాల కుర్చీలోకి ఎవరెత్తుతారు? నావల్ల కాదు, ముందే చెప్పేశా."

కర్ట్ నా కొడుకు. నలభై నాలుగేళ్ళొచ్చాయి, ఒక్కరోజూ తన కాళ్ళమీద నిలబడలేదు.

నేను నడక నెమ్మది చేసి దానివైపు చూశాను.

"తొంభై దాకా లాగు చాలు," అంది డార్లా. "అప్పటికి వాడికి అరవై మూడు."

"ఆ తర్వాత వాణ్ణెవరు చూస్తారే?"

డార్లా మళ్ళీ గడియారం చూసింది.

"ఆగకమ్మా. వేగం పడిపోతోంది."

నడిచాను.