ఆ ముక్కే కావాలి

“నోరు మూసుకో,” అంది డాక్టరమ్మ.

అమ్మాయి మూసుకుంది.

“ఇప్పుడు ముక్కుతో గట్టిగా గాలి పీల్చు.”

పీల్చగానే ముక్కు రెండు పక్కలూ తడిగుడ్డలా లోపలికి అతుక్కుపోయాయి. మొహం ఎర్రబడింది. ఆగలేక నోరు తెరిచేసింది. సన్నగా, నిటారుగా, కొస కాస్త పైకి తేలి, చూడ్డానికి ముచ్చటైన ముక్కు. ఊపిరికి మాత్రం పనికిరాదు.

“ఎప్పట్నుంచి ఇలా?”

“అందం కోసమని ఆపరేషన్ చేయించుకున్నాను కదండీ, ఆ కట్టు విప్పినప్పట్నుంచీ. మొదట్లో వాపన్నారు. తర్వాత అలవాటైపోతుందన్నారు.”

“ఊపిరాడకపోవడం అలవాటవుతుందా? ముందు మీరు అలవాటు చేసుకుని చూపించండి అనకపోయావా?”

పెద్ద సిస్టర్ కిసుక్కున నవ్వింది. గోడ పక్కన కుర్చీలో కూర్చున్న తండ్రి మాత్రం నవ్వలేదు. వచ్చినప్పట్నుంచీ ఆయన చూపు తన చెప్పుల మీదే ఉంది.

“ఉద్యోగం?”

“రైల్వే స్టేషన్లో అనౌన్సర్‌నండీ. రైలు ఎక్కడికెళ్తుందో చెప్పేలోపు రెండుసార్లు ఆగాల్సొస్తోంది. మొన్నయితే నేను ఊపిరి తీసుకునేలోపు రైలే వెళ్ళిపోయింది. ఇలాగైతే మైకు ముందు కూర్చోనివ్వం అంటున్నారు మేడమ్.”

డాక్టరమ్మ వేలికొసను అమ్మాయి ముక్కు పక్కన, చెంప మీద ఆనించి, మెల్లగా చెవి వైపుకు లాగింది.

“ఇప్పుడు పీల్చు.”

అమ్మాయి పీల్చింది. కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ పీల్చింది. చెప్పాపెట్టకుండా ఎవరో గదిలోకి వచ్చినట్టు చుట్టూ చూసింది.

“ఇదేంటి మేడమ్, చల్లగా ఉంది!”

“గాలి. మర్చిపోయావా?”

అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళ వైద్యంలో డాక్టరమ్మకు పాతబడనిది ఈ ఒక్క క్షణమే. ఒక వేలు, ఆవగింజంత కదలిక. అంతే, మనిషి మొహంలోకి మనిషి తిరిగొస్తుంది.

“ముక్కంటే గుడారం లాంటిదమ్మా. సన్నగా కనపడాలని నీకు లోపలి రాటలు కోసేశారు. గుడ్డ కూలిపోయింది. నీ చెవిలోంచే కాస్త మెత్తని ఎముక తీసి మళ్ళీ రాటలు పాతుతాను. కానీ ముందే చెప్తున్నా, ముక్కు ఇంత సన్నగా ఉండదు.”

“పాతదానిలా అవుతుందా?”

ఆ గొంతులో భయం వినపడుతుందనుకుంది డాక్టరమ్మ. వినపడింది ఆశ.

“పాత ఫొటో ఉంటే చూసి దగ్గరగా తేవచ్చు.”

“ఒక్కటీ లేదు. ఆ ముక్కు చూడలేక అన్నీ తీసేశాను.”

తండ్రి లేచి బయటికి వెళ్ళిపోయాడు.

“నాన్నగారికి బాగా కోపమొచ్చినట్టుందే?”

“ఆపరేషనయ్యాక నా మొహంలోకి చూడ్డమే మానేశారు మేడమ్. తిట్టినా బాగుండేది. అన్నం తిన్నావా అని కూడా గోడనడిగినట్టు అడుగుతారు.”

అమ్మాయి వెళ్ళాక పెద్ద సిస్టర్ నిట్టూర్చింది. “తల్లి లేని పిల్లటండీ. గారాబం ఎక్కువై ముక్కు మీదికి తెచ్చుకుంది.”

ఆపరేషన్ రోజు పొద్దున అమ్మాయి దిండు కింద నుంచి చిన్న ఫొటో తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది. మూలలు అరిగి గుండ్రమయ్యాయి. రంగు వెలిసి టీ మరకలా ఉంది. రెండు జడల పిల్ల, పక్కకి తిరిగి దేనికో పడీ పడీ నవ్వుతోంది. వెడల్పాటి ముక్కు, మధ్యలో చిన్న బొడిపె.

“ఎక్కడ దొరికింది?”

“నాన్న పర్సులో. అడక్కుండా తీశాను. ఆ ముక్కే కావాలి మేడమ్, బొడిపెతో సహా.”

“అందరూ తీసెయ్యమనేదాన్ని నువ్వు పెట్టమంటున్నావా?”

“పెట్టండి.”

“ముందు ఊపిరి. తర్వాతే పోలిక. సరేనా?”

“సరే. కానీ రెండూ తెండి.”

డాక్టరమ్మ ఆ ఫొటోను ఎదురుగా ఎక్స్‌రేలు చూసే దీపపు పలక మీద అంటించుకుని పనిచేసింది. చెవిలోంచి తీసిన ఎముకను గోటిముక్కంత పేళ్ళుగా చెక్కి, కూలిన గోడల వెనక ఒక్కొక్కటే నిలబెట్టింది. గాలిదారి తెరుచుకున్నాక, బొడిపె దగ్గర చెయ్యి ఆగింది. ఫొటోలోని నవ్వు చూసింది. పెట్టేసింది.

కట్టు విప్పిన రోజు తండ్రి వరండాలోనే నిలబడిపోయాడు.

“నోరు మూసుకో,” అంది డాక్టరమ్మ. “పీల్చు.”

అమ్మాయి పీల్చింది. ముక్కు పక్కలు కదలలేదు. గాలి లోపలికి పోతూనే ఉంది, పోతూనే ఉంది. ఇంత గాలి తనదేనా అన్నట్టు అమ్మాయి గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

“ప్రయాణికులకు గమనిక. మీరు ఎదురుచూస్తున్న రైలు మరికొద్దిసేపట్లో మొదటి ప్లాట్‌ఫారం మీదికి రానుంది, దయచేసి పట్టాలకు దూరంగా నిలబడవలసిందిగా కోరుతున్నాం!”

ఎక్కడా ఆగలేదు. పెద్ద సిస్టర్ చప్పట్లు కొట్టింది. “ఇంతకీ రైలేదీ తల్లీ?”

ఆ గొంతు విని తండ్రి గుమ్మంలోకి వచ్చాడు. అలవాటుగా తల దించుకునే వచ్చాడు. నవ్వు వినపడి తలెత్తాడు. కూతురు పక్కకి తిరిగి పెద్ద సిస్టర్‌ను చూసి పడీ పడీ నవ్వుతోంది.

ఆయన చేతిలో సంచి జారి నారింజలు గదంతా దొర్లాయి. ఎవరూ ఏరలేదు. ఆయన రెప్ప వెయ్యడం లేదు. ఊపిరి తీస్తున్నట్టు కూడా లేదు.

“నాన్నా, ఇటు చూశారు!” అంది అమ్మాయి.

డాక్టరమ్మ తృప్తిగా నవ్వి, కోటు జేబులోంచి ఫొటో తీసి ఆయన చేతిలో పెట్టింది.

“మీ పర్సులోదే. కోపం పోయిందిగా? ఇదిగో, మీ అమ్మాయి ముక్కు అచ్చంగా మీ అమ్మాయికిచ్చేశాను.”

ఆయన ఫొటోను చూశాడు. కూతురిని చూశాడు. మళ్ళీ ఫొటోను చూశాడు.

“ఇందులో ఉన్నది మా ఆవిడండీ,” అన్నాడు.