కాపరి పాతిన కర్ర

కోత కోసిన మడిలోకి బాతుల్ని తోలి, కాపరి గట్టు మీద కర్ర పాతాడు. "దీన్ని దాటొద్దు" అన్నాడు.

"కాపరీ, నీకు స్తోత్రం!" అని తెల్ల బాతు ఎప్పట్లాగే గొంతెత్తింది. అవతలి మడిలో నత్తలు కనబడగానే, పాడుకుంటూనే కర్ర దాటేసింది.

"నువ్వూ రావే!" అని ఇవతలే ఉన్న బొంగురు గొంతు బాతును పిలిచింది.

బొంగురు బాతుకూ నోరూరింది. అయినా కదల్లేదు. "ఆయన వద్దన్నాడుగా."

"నాలుగు నత్తలు తింటే ఆయన మీద ప్రేమ పోతుందా?"

"ఏమోనమ్మా. నాకు పాట రాదు. ఆయన మాట వినడమే వచ్చు."

అవతలి మడికి పొద్దున్నే పురుగుమందు కొట్టారు. కాసేపటికే తెల్ల బాతు మెడ వాల్చేసింది. కాపరి పరుగున వచ్చి, ఒళ్లో పెట్టుకుని, నీళ్లు తాగించి బతికించాడు.

కోలుకున్నాక తెల్ల బాతు మళ్లీ పాట అందుకోబోయింది. ఆగి, ముందు కర్ర ఎక్కడుందో చూసుకుంది.