ఎలుకలు కొరికిన జీపు

పురుగుల మందు కొట్టేవాడి వేషం వేసుకుంటే ఎడారిలో ఎవరి గుడారంలోకైనా దర్జాగా దూరొచ్చన్న ఆలోచన స్పానరుకి స్నానం చేస్తుండగా వచ్చింది. లోపల మందు కొట్టి, "కాసేపు ఇటు రాకండి, కళ్ళు మండుతాయి" అని మనుషుల్ని దూరంగా తోలెయ్యాలి. ఈలోగా పక్కన నిలబెట్టిన జీపెక్కి ఉడాయించాలి. అంతే. ఇంత తెలివి నెత్తిన పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎందుకు కష్టపడ్డానా అని తన మీద తనకే జాలేసింది.

స్పానరు అసలు పేరు పెళ్ళానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఒకప్పుడు మెకానిక్కు. హారన్ బాగుచెయ్యమని బండి ఇస్తే ఇంజను మొత్తం విప్పి కూర్చునేవాడు. బండి తిరిగిచ్చే వేళకి యజమాని ఇంకో బండి కొనుక్కుని ఉండేవాడు. షెడ్డు మూతపడ్డాక దొంగతనాల్లోకి దిగాడు. అక్కడా అదే తంతు. పోయినసారి కొట్టేసిన కారుకి బ్రేకులు కీచుమంటున్నాయని దారిలో ఆపి సరిచేస్తూ దొరికిపోయాడు.

"నువ్వు వెళ్ళింది దొంగతనానికా, సర్వీసింగుకా?" అంది పెళ్ళాం. "ఈసారి ఒట్టి చేతులతో వస్తే గడప తొక్కకు."

అందుకే మందు డబ్బా భుజాన తగిలించుకుని, రోడ్డు దిగి ఇసుకలో పడి నడిచాడు. దిబ్బ దిగువన ఒకే ఒక గుడారం. పక్కనే జీపు. ముందు కుర్చీలో తెల్లజుట్టు పెద్దావిడ ఒక్కతే కూర్చుని ఉంది. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది.

"మందు కొట్టడానికొచ్చానమ్మా. తేళ్ళూ చీమలూ తెగ పెరిగిపోయాయి ఇక్కడ."

పెద్దావిడ అతన్ని ఎగాదిగా చూసింది. "తేళ్ళ సంగతి తర్వాత నాయనా. ముందు ఈ ఎలుకల సంగతి చూడు. పాడు జీపు కదలనంటోంది, లోపల కరకరమని ఒకటే చప్పుడు."

కదలని జీపుని కొట్టెయ్యడం ఎలా? బానెట్ ఎత్తక తప్పలేదు. ఎయిర్ ఫిల్టర్ పక్కన ఎండుగడ్డీ, సీటులోంచి పీకిన దూదీ పేర్చుకుని ఎలుక సంసారం పెట్టేసింది. వైర్లు కొరికి పారేసింది. గూడు కదపగానే అది స్పానరు మోచేతి మీదుగా దూకి పారిపోయింది. అతను పెట్టిన కేకకి దిబ్బ మీది పక్షులు లేచిపోయాయి.

"మందు కొట్టేవాడివి, నువ్వే జడుసుకుంటే ఎలా?" అని నవ్వింది పెద్దావిడ.

స్పానరుకి పౌరుషం వచ్చింది. "పనిముట్లు ఎక్కడున్నాయమ్మా?"

"ఏమో నాయనా, నువ్వే వెతుక్కో. ఇవన్నీ నాకేం తెలుస్తాయి?"

బండిలో ఏది ఎక్కడుందో తెలియనివాళ్ళకి బండెందుకు అనుకున్నాడు స్పానరు. ఇలాంటివాళ్ళ దగ్గర కొట్టేస్తే పాపం కూడా అంటదు.

తెగిన వైర్లు ఒక్కొక్కటే కలిపి టేపు చుట్టాడు. అక్కడితో ఆపితే అతను స్పానరు ఎందుకవుతాడు? ఫిల్టర్ విప్పి దోసెడు ఇసుక దులిపాడు. బ్యాటరీ మీది తుప్పు గీకాడు. టైర్లలో గాలి నిండుగా ఉంటే ఇసుకలో కూరుకుపోతాయని కొంచెం కొంచెం వదిలాడు. ఒళ్ళంతా చెమట. పెద్దావిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అట్టముక్కతో విసిరింది కూడా.

బూట్లలో ఇసుక పడిందని విప్పి పక్కన పెట్టాడు. మళ్ళీ తొడుక్కోబోతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"దులిపి తొడుక్కో నాయనా. ఇది ఎడారి."

దులిపాడు. బొటనవేలంత తేలు కిందపడి తోక ఎత్తుకుని పోయింది. కట్టుకున్నదే గడప తొక్కొద్దన్న తనని, ముక్కూ మొహం తెలియని ఈ తల్లి కాపాడింది. ఈవిడ జీపు ఎత్తుకుపోతే తనకి పుట్టగతులుంటాయా? అప్పటికప్పుడు మనసు మార్చుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. చేతికున్న గ్రీజు కాస్తా మొహానికి అంటుకుంది.

"తాళంచెవి ఇవ్వండమ్మా, స్టార్ట్ చేసి చూపిస్తా."

"మావాడి జేబులో ఉండిపోయింది. అది లేకుండా కుదరదా?"

"భలేవారే! అదెంత పని?"

స్టీరింగు కింద వైర్లు రెండు కలిపేసరికి ఇంజను గుర్రంలా సకిలించింది. పెద్దావిడ మొహం వెలిగిపోయింది.

"మావాళ్ళు ఆ దిబ్బ అవతలికి నడిచెళ్ళారు, ఎండలో మాడిపోతుంటారు. ఎక్కించుకొస్తా. నువ్వు కాస్త గుడారం చూస్తుండు."

"క్లచ్ మెల్లిగా వదలండమ్మా" అని జాగ్రత్తలు చెప్పి మరీ సాగనంపాడు స్పానరు. "చల్లగా ఉండు నాయనా" అని దీవించి వెళ్ళింది.

అతను ఆవిడ కుర్చీలో కూలబడ్డాడు. తన మంచితనానికి తనకే ముచ్చటేసింది. ఇంటికెళ్ళి పెళ్ళాంతో ఏమనాలో కూడబలుక్కున్నాడు. 'ఒట్టి చేతులతోనే వచ్చా. కానీ మనిషినై వచ్చా.' వాక్యం బాగా కుదిరిందని పైకి కూడా అని చూసుకున్నాడు.

ఇంతలో రోడ్డు వైపు నుంచి ఒక యువకుడూ, అతని భార్యా చెమటలు కక్కుకుంటూ వచ్చారు.

"ఎవరయ్యా నువ్వు? మా జీపేది?" అన్నాడు యువకుడు రొప్పుతూ. "అంగుళం కదలట్లేదనే కదా మెకానిక్కుని వెతుక్కుంటూ పోయాం!"

స్పానరు లేచి ఛాతీ విరుచుకున్నాడు. "ఆ మెకానిక్కుని నేనే బాబూ. ఉత్తినే చేశాను, ఏమీ ఇవ్వొద్దు. పెద్దమ్మగారు మిమ్మల్ని ఎక్కించుకురావడానికే వెళ్ళారు. కలవలేదా?"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏ పెద్దమ్మగారు?"